ఇంటితో పాటు వచ్చే అప్పు గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

తండ్రి ఆస్తిలో ఎవరి వాటా ఎంత అన్న దాని మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. వీలునామా ఉంటే ఒక లెక్క, లేకపోతే ఇంకో లెక్క అని వివరంగా చెప్పారు. భార్యకీ, తల్లికీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటాలన్నారు. అంతా బాగానే ఉంది. కానీ ఆ ఇల్లు అప్పటికే బ్యాంకు తాకట్టులో ఉంటే సంగతేమిటి? దాని గురించి ఒక్క ముక్క లేదు. ఈ రోజుల్లో లోన్ లేకుండా ఇల్లు కట్టుకున్నవాళ్లు ఎంతమంది? కట్టుకున్నాయన వాయిదాలన్నీ తీర్చాకే పోవాలని రూలేమీ లేదు కదా.

నేను ఒక ఆసుపత్రిలో స్టోర్ కీపర్‌ని. సిరంజీలు, దూది, సెలైన్ సీసాలు వచ్చినవెన్ని, పోయినవెన్ని, మిగిలినవెన్ని అని రోజూ రిజిస్టర్‌లో ఎక్కించడమే నా పని. మా నాన్నగారు పోయాక ఇంటి విషయం తేల్చడంలో ఏ చదువూ పనికి రాలేదు గానీ ఈ అలవాటు పనికొచ్చింది. మా వకీలు చెప్పినవీ, బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడి నేను తెలుసుకున్నవీ రాస్తున్నాను. మీ పాఠకుల్లో మా పరిస్థితిలో ఉన్నవాళ్లు తక్కువేమీ ఉండరు.

నాన్నగారు వీలునామా రాయలేదు. అమ్మ, అన్నయ్య, నేను, తమ్ముడు. నాలుగు సమాన వాటాలు. ఇల్లు రెండు పోర్షన్లు. కింద అమ్మ ఉంటుంది, పైది అద్దెకిచ్చాం. ఇంటి మీద రెండు లోన్లు. ఒకటి కట్టేటప్పుడు తీసుకున్నది, రెండోది తర్వాత తమ్ముడి వ్యాపారానికని తీసుకున్న టాప్-అప్, అంటే అదే ఇంటి మీద అదనంగా తీసుకున్న లోన్. ఆ రెండోదానికి తమ్ముడు జామీను సంతకం కూడా పెట్టాడు.

చుట్టాలంతా అడిగింది ఒకటే: "ఇల్లు ఏం చేద్దామనుకుంటున్నారు?" నాన్న కట్టిన ఇల్లు, అమ్మే మాటే ఎత్తొద్దన్నాడు అన్నయ్య. అమ్మేసి ఎవరిది వాళ్లు తీసుకుందామన్నాడు తమ్ముడు. అమ్మ ఏమీ అనలేదు. ఉంచడమా, అమ్మడమా అని తర్జనభర్జన పడుతూ కూర్చుంటే నెలలు ఇట్టే గడిచిపోతాయి. మన వాదన తేలేదాకా వడ్డీ ఆగదు. అందుకే నా మటుకు నాకు, ముందు తేల్చుకోవలసింది ఒకటే అనిపిస్తుంది. ఈ మాటలన్నీ ఒక కొలిక్కి వచ్చేదాకా వాయిదా ఎవరు కడతారు, కట్టింది ఎక్కడ రాస్తారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే డబ్బు మనిషి అనుకుంటారని మొహమాటం. నేను అడిగాను, అనిపించుకున్నాను కూడా.

నాన్నగారి వాయిదా ఆయన సేవింగ్స్ ఖాతా నుంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యేది. ఖాతాలో డబ్బుంది కాబట్టి ఇంకొన్నాళ్లు అలాగే పోతుందిలే అనుకుంటాం. పోదు. మరణ ధ్రువీకరణ పత్రం చేతికందగానే బ్యాంకు ఆ ఖాతాలో లావాదేవీలు ఆపేస్తుంది. డబ్బు ఖాతాలో ఉండగానే వాయిదా బౌన్స్ అవుతుంది, దాని మీద ఛార్జీలు పడతాయి. వాయిదా రాలేదన్న మెసేజ్ ఎవరికి వస్తుందో తెలుసా? పోయినాయన ఫోన్‌కి. చాలా ఇళ్లలో ఆ ఫోన్ స్విచ్ ఆఫ్ అయి బీరువాలో ఉంటుంది. మా ఇంట్లో దానికి రోజూ ఛార్జింగ్ పెట్టి ఉంచాను కాబట్టి మొదటి బౌన్స్‌కే సంగతి తెలిసింది. అలాగని చావు కబురు బ్యాంకుకి చెప్పకుండా దాచమని నేను అనడం లేదు. చెప్పాలి, చెప్పిన రోజే లోన్ ఖాతా నంబరు రాయించుకుని, నేరుగా ఆ ఖాతాలోకే కట్టే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక స్టేట్‌మెంట్ సంగతి. లోన్ స్టేట్‌మెంట్ మొదటి రోజు నుంచీ కావాలన్నాను. "ఈ ఏడాదిది చాలు కదమ్మా" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. "ఓపెనింగ్ బ్యాలెన్స్ చూడకుండా నేను ఏ లెక్కా చూడను బాబూ" అన్నాను. విసుక్కుంటూనే ప్రింట్ తీశాడు. మొదటి పేజీలో లోన్ విడుదలైన తేదీ, దాని కిందే ఒక చిన్న లైను: బీమా ప్రీమియం. ఎవరి బీమా? నాన్నగారిదే! లోన్ తీసుకున్నప్పుడు పెట్టించుకున్న బోలెడు సంతకాల్లో అదీ ఒకటి. ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రీమియాన్ని లోన్‌లోనే కలిపేశారు కాబట్టి అన్నేళ్లూ దాని మీద కూడా ఆయన వడ్డీ కట్టారు. పాలసీ కాగితం కోసం ఇల్లంతా వెతికాం, దొరకలేదు. పాలసీ నంబరు చెప్పమని బ్యాంకుకి రాతపూర్వకంగా రాసిచ్చి, క్లెయిమ్ పెట్టాం. కంపెనీ వాళ్లు నాన్నగారి పాత బీపీ చీటీలు తెమ్మన్నారు. మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణం చూపించీ తిరగదోడకూడదని బీమా చట్టం 45వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట ఉత్తరంలో రాశాక మళ్లీ బీపీ ఊసెత్తలేదు. పెద్ద లోన్ అలా తీరిపోయింది.

టాప్-అప్‌కి మాత్రం బీమా లేదు. సరే, దాన్నేమీ అనను. కానీ ఆ ప్రీమియం కోసుకున్నది ఆ బ్యాంకే. మేం మరణ ధ్రువీకరణ పత్రం తీసుకెళ్లి ఇచ్చినప్పుడు "ఈయనకు బీమా ఉందమ్మా, క్లెయిమ్ పెట్టుకోండి" అని ఒక్క మాట అంటే సొమ్మేం పోయింది? ఇలా కంటబడని లైను ఎన్ని ఇళ్ల స్టేట్‌మెంట్లలో ఉందో.

ఇక చుట్టాలందరికీ ఇష్టమైన మాట: తండ్రి అప్పు కొడుకు తీర్చాలి. మర్యాదగా ఆ మాట ఎవరు పాటించినా సంతోషమే. చట్టం మాత్రం అలా అనడం లేదు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, ఆ తర్వాత చేసిన అప్పులకు ధర్మబద్ధమైన బాధ్యత అన్న ఒక్క కారణంతో కొడుకు మీద, మనవడి మీద కోర్టులు చర్య తీసుకోకూడదని తేల్చేశారు. వారసుడి బాధ్యత తనకు సంక్రమించిన ఆస్తి విలువ వరకే. నా జీతం మీదికి, అన్నయ్య పీఎఫ్ మీదికి నాన్నగారి అప్పు రాదు. ఇంటి మీదికి మాత్రం వస్తుంది. ఆ అప్పు ఎందుకు తీసుకున్నారు, ఎవరు వాడుకున్నారు అన్నది తాకట్టుకి అక్కర్లేదు. "అది తమ్ముడి అప్పు, వాణ్నే అడగండి" అని అన్నయ్య మేనేజర్‌తో అంటే, ఆయన తాకట్టు పత్రం తీసి చూపించాడు. అందులో ఉన్నది ఇంటి సరిహద్దులు, వ్యాపారం పేరు కాదు.

సంతకం పెట్టినవాళ్ల సంగతి వేరు. సహ రుణగ్రహీతగా గానీ, జామీనుగా గానీ సంతకం పెట్టినవాళ్లు వారసులుగా కాకుండా తమంతట తామే బాకీదార్లు. ఇల్లు అమ్మినా అప్పు తీరకపోతే మిగిలిన బాకీకి మా సొంత డబ్బు మీదికి రాలేరు గానీ తమ్ముడి సొంత డబ్బు మీదికి రాగలరు. చాలా ఇళ్లలో భర్త లోన్‌కి భార్య చేత సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిస్తారు. ఆమెకు ఆ విషయం గుర్తు కూడా ఉండదు. కాబట్టి ఇల్లు వద్దు, అప్పూ వద్దు అని చేతులు దులుపుకునే ముందు ఎవరెవరి సంతకాలు ఎక్కడెక్కడ ఉన్నాయో లోన్ ఒప్పందం తెప్పించుకుని చూడండి. నామినీ గురించి కూడా ఒక మాట. నాన్నగారి ఖాతాకి అన్నయ్య నామినీ. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి, సొంతదారు కాడు. సుప్రీంకోర్టు ఈ మాట 1983లోనే చెప్పింది, మన చుట్టాల్లో చాలామందికి ఇంకా చేరలేదు.

కట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో మీ పత్రిక చూస్తేనే తెలుస్తుంది. వెనక పేజీల్లో బ్యాంకుల స్వాధీన నోటీసులు, వేలం ప్రకటనలు వస్తుంటాయి. భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్న అక్షరాలు. వాటిలో "కీ.శే. ఫలానా వారి చట్టబద్ధ వారసులు" అన్న మాట ఎన్నిసార్లు కనిపిస్తుందో ఈసారి గమనించండి. ఇల్లు ఎవరు తీసుకోవాలో తేలక అక్కడిదాకా వచ్చినవాళ్లు అందులో ఎందరో ఉంటారని నా అనుమానం. వాయిదా 90 రోజులు దాటి బాకీ పడితే ఆ లోన్ మొండి బాకీల్లోకి పోతుంది. తర్వాత, కోర్టుకి వెళ్లకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు బ్యాంకులకిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. దానికి మనం అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అయినా తీరకపోతే స్వాధీనం, వేలం. స్వాధీనం మీద 45 రోజుల్లోగా, బ్యాంకు బాకీల తగాదాలు చూసే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. మొత్తం బాకీ కట్టి ఇల్లు విడిపించుకోవాలంటే వేలం ప్రకటన వెలువడకముందే కట్టాలి. వేలం రోజు దాకా టైముందనుకుంటారు చాలామంది. 2016 సవరణ తర్వాత లేదు. వేలంలో బాకీ పోగా డబ్బు మిగిలితే అది వారసులదే. అయితే వేలంలో వచ్చే ధర, మనం నిదానంగా బేరమాడి అమ్ముకుంటే వచ్చే ధర ఒకటి కావు.

ఇక మా రిజిస్టర్. ఒక పొడుగాటి లెడ్జర్ పుస్తకం కొని గీతలు గీశాను. అద్దె వచ్చింది, వాయిదా పోయింది, ఇంటి పన్ను, మోటారు రిపేరు, తక్కువ పడింది ఎంత, అది వేసింది ఎవరు. చివర ముగ్గురి పేర్లతో మూడు కాలమ్‌లు. ప్రతి నెలా ఆ పేజీ ఫొటో తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. కింద ఒక్క కామెంట్ కూడా రాసేదాన్ని కాదు. కొన్నాళ్లకి అన్నయ్య ఫోన్ చేశాడు.

"లెక్కలు పంపి నన్ను దెప్పుతున్నావా?"

"దెప్పడమెందుకు అన్నయ్యా, నీ కాలమ్ ఖాళీగా ఉంది, అంతే."

కోపం వచ్చింది. కానీ మా అన్నయ్య మాట మీద నిలబడే మనిషి. ఇల్లు ఉంచాలన్నది తనే కాబట్టి తానే తీసుకుంటానని బ్యాంకుకి వెళ్లాడు. లోన్ తన పేరు మీదికి మార్చుకుని, మా ముగ్గురి వాటాలకి డబ్బిచ్చి, మేం మా వాటాలు వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసిచ్చేటట్టు అనుకున్నాం. ఇది మంచి దారే, కుదిరినవాళ్లకి. అన్నయ్యకి కుదరలేదు. రిటైర్మెంట్‌కి ఎంతో కాలం లేదు. ఉన్న సర్వీసులోనే లోన్ తీరాలంటే వాయిదా జీతంలో సగానికి పైగా వచ్చింది. పైగా మా వాటాల డబ్బు వేరే. కాగితం మీద ఆ అంకెలు చూసుకున్నాక అమ్మకానికి ఒప్పుకున్నాడు. మా మాటలకి ఒప్పుకోని మనిషి ఆ అంకెలకి ఒప్పుకున్నాడు.

అసలు పీటముడి టాప్-అప్ దగ్గర పడింది. ఆ బాకీ మొత్తం తమ్ముడి వాటాలోంచే కోయాలన్నాడు అన్నయ్య. నాన్న తనంతట తానే ఇచ్చాడు, నేనడగలేదన్నాడు తమ్ముడు. ఇద్దరిదీ నిజమే కావచ్చు. బ్యాంకుకి ఈ గొడవ పట్టదు, దాని బాకీ దానికి వస్తే చాలు. ఇంటి లోపలి లెక్క మనమే తేల్చుకోవాలి. అప్పటిదాకా మాట్లాడని అమ్మ తేల్చింది. "సగం వాడు భరించాలి. సగం మీ నాన్న ఖర్చు కింద రాయండి. వాడికి ఇమ్మని పోరింది నేనే." ఇక ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట కాగితం మీద పెట్టి నలుగురం సంతకాలు చేశాం. నోటిమాట మీద వదిలేసి ఉంటే అమ్మకం డబ్బు చేతికొచ్చిన రోజు మళ్లీ మొదటికొచ్చేది.

తాకట్టులో ఉన్న ఇల్లు అమ్మకూడదనుకుంటారు చాలామంది. అమ్మవచ్చు, బ్యాంకుకి చెప్పి అమ్మాలి. అంతే. కొనేవాళ్ల భయం మాత్రం న్యాయమైనదే. అసలు దస్తావేజులు చూపించమంటారు, అవి బ్యాంకులో ఉంటాయి. అందుకని ముందుగానే బ్యాంకు నుంచి రెండు కాగితాలు రాయించుకున్నాం: ఫలానా తేదీకి కట్టాల్సిన మొత్తం ఎంత, తమ దగ్గరున్న పత్రాలు ఏవి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) ఎలాగూ కావాలి. కొన్నాయన కూడా లోన్ మీదే కొన్నాడు. ఆయన బ్యాంకు, బాకీకి సరిపడా మొత్తాన్ని మా బ్యాంకు పేరనే డీడీ తీసి నేరుగా లోన్ ఖాతాకి కట్టింది, మిగతాది నాలుగు వాటాలుగా నలుగురికీ వేరువేరుగా వచ్చింది. ఇక్కడ పాఠకులు గుర్తు పెట్టుకోవాల్సిన రూలు ఒకటుంది. రిజర్వ్ బ్యాంకు 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. రుణగ్రహీత చనిపోతే పత్రాలు వారసులకు ఎలా ఇస్తారో ఆ పద్ధతి ముందే రాసి తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా అందులోనే ఉంది. ఈ ఉత్తర్వు ప్రింట్ తీసి చేతిలో పట్టుకుని వెళితే సంభాషణ తీరే మారుతుంది.

పన్ను విషయం ఆడిటర్‌ని అడగాల్సిందే. వారసత్వంగా వచ్చినందుకు పన్నేమీ లేదు, అమ్మితే లాభం మీద ఉంటుంది. ఆ లాభం లెక్కకి నాన్నగారు కొన్నప్పటి ఖర్చే మన కొనుగోలు ధర. ఇంకో సంగతి మా ఆడిటర్ చెప్పేదాకా మాకు తెలియదు. తండ్రి పెట్టిన తాకట్టుని వారసులు విడిపించుకోవడానికి కట్టిన సొమ్ము కూడా కొనుగోలు ఖర్చులో కలుస్తుందని 1997లో సుప్రీంకోర్టు చెప్పిందట. అదే తాకట్టు వారసులే పెట్టి ఉంటే కలవదు. వాయిదా రసీదులు చించి పారేయకండి.

అమ్మ గురించి చెప్పాలి. ఇల్లు అమ్మడం ఆమెకి ఇష్టం లేదు, ఇప్పటికీ లేదు. సంతోషంగా ఒప్పుకుందని రాస్తే అబద్ధం. కానీ సంతకం పెట్టే ముందు ఒక షరతు పెట్టింది. "నా వాటాతో చిన్నదైనా ఇల్లు కొనండి. అది నా ఒక్కదాని పేరు మీదే ఉండాలి. దాని మీద ఎవరూ ఏ లోనూ తియ్యకూడదు." అలాగే చేశాం. మా ముగ్గురిలో ఎవరింట్లోనైనా ఉండమంటే కుదరదంది. ఆ మాట అంత ధైర్యంగా అనగలగడానికి ఆ నాలుగో వంతు వాటాయే కారణం.

సంపాదకులకు నా విన్నపం. మీ న్యాయ సలహాల శీర్షికలో ఈ విషయాలు వకీళ్ల చేత వివరంగా రాయించండి. నేను రాసినదాంట్లో ఎక్కువ తక్కువలుంటే వాళ్లు సరిచేస్తారు. ఇంకోటి, బ్యాంకుల పై అధికారులను మీ విలేకరులు ఒక ప్రశ్న అడగాలి. రుణగ్రహీత పోయారని తెలిసిన రోజే వారసుల చేతిలో ఒక కాగితం ఎందుకు పెట్టరు? బాకీ ఎంత, బీమా ఉందా లేదా, ఉంటే పాలసీ నంబరు, మీ దగ్గరున్న పత్రాల జాబితా, వాయిదా కట్టాల్సిన ఖాతా నంబరు. ఒక్క పేజీలో పడుతుంది. ఈ సమాచారమంతా వాళ్ల కంప్యూటర్‌లో ముందే ఉంది. మాకు అదే సమాచారం ముక్కలు ముక్కలుగా, ఒక్కో ముక్కకి ఒక్కో దరఖాస్తుతో, ప్రతి దరఖాస్తు మీదా నలుగురి సంతకాలతో వచ్చింది. వాళ్లు ఏం జవాబు చెబుతారో అది కూడా మీ పత్రికలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు